తప్పంతా కంట్రోలర్‌దేనట

నేను రిటైర్ అయ్యాను. ముప్ఫై నిండకుండా రిటైర్ కావడం మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఇంతవరకూ ఎవరూ చేయని పని. ఇక్కడ రిటైర్మెంట్ అంటే పూలదండ, శాలువా, ఇంటిదాకా బ్యాండు మేళం. నాకు మా యజమాని సాహూజీ ఒక సమోసా పెట్టించాడు. చట్నీ అడిగితే "అది వేరేరా" అన్నాడు.

మా నాన్న దీన్ని రిటైర్మెంట్ అని ఒప్పుకోడు. నాకు రైల్వే సిగ్నల్ డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం వచ్చింది కనక "మావోడు ఇన్నాళ్లకి పనిలో చేరతన్నాడు" అని అందరికీ చెబుతున్నాడు. అంతకుముందు నేను చేసింది ఆయన దృష్టిలో బొమ్మలు బాగుచేయడం.

ఆ బొమ్మలు వీడియో గేమ్ కంట్రోలర్లు. రెండు చేతులతో పట్టుకుంటారు. రెండు బొటనవేళ్ల కిందా రెండు చిన్న స్టిక్కులుంటాయి. స్టిక్‌ను ఎటు తోస్తే తెర మీద మనిషో కారో అటు వెళ్తుంది. ఆ స్టిక్కులు పాడైతే ఊరంతా మా షాపుకే వచ్చేది. అంత గొప్ప షాపా అంటే, ఇంకో షాపు లేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. తెలుగులో ఎందుకంటే, ఈ హిందీ ఊళ్లో మా కాలనీ తెలుగు వాళ్లలో నా ఈడు వాళ్లకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. కాబట్టి నా పనిలో మెళకువలు బయటికి పొక్కే ప్రమాదం లేదు. ఇది చదవగలుగుతున్నారంటే మీ ఇంట్లో ఎవరో మిమ్మల్ని వేసవి సెలవుల్లో కూర్చోబెట్టి గుణింతాలు దిద్దించారన్నమాట. వారికి నా నమస్కారాలు, మీకు నా సానుభూతి.

అసలు జబ్బు

ఎక్కువగా వచ్చే జబ్బు ఒకటే. స్టిక్‌ను ఎవరూ ముట్టుకోకపోయినా తెర మీద మనిషి తనంతట తాను నడిచి వెళ్లిపోతుంటాడు. పిల్లలు దీన్ని డ్రిఫ్ట్ అంటారు. ఒక అమ్మమ్మగారు దెయ్యం అన్నారు. ఆవిడ కంట్రోలర్‌కు దిష్టి తీసి మరీ పంపించారు. ఉప్పు తీసి శుభ్రం చేయడానికి నాకు ఒక పూట పట్టింది.

లోపల జరిగేది ఇది. స్టిక్ కింద చిన్న పెట్టె, అందులో సన్నని కార్బన్ పట్టీలు ఉంటాయి. వాటి మీద ఒక లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. ఆ నాలుక ఎక్కడుందో చూసి కంట్రోలర్ స్టిక్ ఎటు ఉందో అర్థం చేసుకుంటుంది. వాడగా వాడగా పట్టీ అరుగుతుంది, దుమ్ము చేరుతుంది. అప్పుడు స్టిక్ నడిమధ్యన నిలబడి ఉన్నా కంట్రోలర్ మాత్రం "ఎవరో ఎడమకు తోస్తున్నారు" అనుకుంటుంది. దుమ్మయితే క్లీనింగ్ ఆల్కహాల్‌తో కడిగితే సరిపోతుంది. అరిగిపోతే పెట్టె మొత్తం ఊడదీసి కొత్తది పెట్టి, నడిమధ్య ఎక్కడ ఉందో కంట్రోలర్‌కు మళ్లీ నేర్పాలి.

చెప్పడానికి తేలికే. ఆ పెట్టెకు బోర్డులోకి దిగిన కాళ్లు బోలెడు. ఒక్కో కాలి చుట్టూ ఉన్న సోల్డర్ టంకాన్ని ఓపిగ్గా కరిగించి పీల్చేయాలి. తొందరపడి లాగితే బోర్డు మీది రాగి కూడా లేచి వచ్చేస్తుంది. నేను మొట్టమొదట బాగుచేసిన కంట్రోలర్‌లో స్టిక్ చక్కగా పనిచేసింది. మిగతా కంట్రోలరే పనిచేయలేదు.

గ్రీజు

మిగతా ఊళ్లలో కంట్రోలర్లు దుమ్ము వల్ల చెడిపోతాయి. మా ఊళ్లో నాన్నల వల్ల చెడిపోతాయి.

మా నాన్నలంతా షెడ్డు మనుషులు. ఇంజన్లూ బోగీలూ బాగుచేసిన చేతులు. ఇంట్లో ఏది బిగుసుకున్నా, కిర్రుమన్నా, పక్కకు లాగినా వాళ్లకు ఒకటే మందు. స్టిక్ అటూ ఇటూ కదిలే వస్తువు, కదిలే వస్తువుకు గ్రీజు పెట్టాలి, డబ్బా ఎలాగూ ఇంట్లో ఉంటుంది. రబ్బరు టోపీ పైకెత్తి పుల్లతో అద్దేస్తారు. ఆ గ్రీజు మెల్లగా కార్బన్ పట్టీ మీదికి దిగి, దారిలో దొరికిన దుమ్మునంతా వెంటబెట్టుకుని అక్కడ కాపురం పెడుతుంది.

ఒకసారి మా పక్క క్వార్టర్ బాబాయి ఒక కంట్రోలర్ తెచ్చాడు. తెరిస్తే లోపల పప్పుచారు గరిటతో పోసినట్టుంది.

"గ్రీజు పెట్టేవా బాబాయ్?"

"కొంచెవేరా. వేలికి అంటిందంత."

"ఎవరి వేలికి?"

"తిరిగేదానికి గ్రీజు పెట్టకపోతే అరిగిపోదేట్రా? మీకు సదువులేటి చెప్పేరు?"

ఇలాంటప్పుడు వాదనకు దిగవద్దు. ముప్ఫై ఏళ్లు గ్రీజు పెట్టి రైళ్లు నడిపించిన మనిషి. ఆయన గ్రీజు పెట్టిన రైలెక్కే మీరు పరీక్షలు రాయడానికి వెళ్లారు. "మంచి గ్రీజే బాబాయ్, ఇది దానికి తగ్గ బండి కాదంతే" అని చెప్పి దూది తీసుకోండి.

సాహూజీ కుర్చీ

సాహూజీది ఇక్కడికి దగ్గర్లోని బిల్హా. వాళ్ల నాన్న కాలంలోనే ఇక్కడికి వచ్చి మా తెలుగు వాళ్ల వీధి చివర రేడియో షాపు పెట్టారు. సాహూజీ తెలుగు నేర్చుకున్నది ఆ వీధిలో గోళీలాడే పిల్లల దగ్గర. అందుకే ఆయన తెలుగులో మర్యాద అనే భాగం లేదు. పెద్దా చిన్నా, ఆఫీసరూ ప్యూనూ, అందరూ 'రా'నే. ఎవరూ ఏమీ అనుకోరు. హిందీలో మాత్రం అందరికీ 'జీ' తగిలిస్తాడు.

యజమానిగా ఆయన గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పిసినారి. ఫ్యాను వేసవి సగం గడిచాక వేస్తాడు. కొత్త సోల్డరింగ్ ఐరన్ అడిగితే పాతదాన్ని తుడిచి ఇస్తాడు. పొగడటం అనేది ఆయనకు తెలియదు. నేను బ్రహ్మాండంగా చేశాననుకున్న పని చూసి "అచ్ఛా, ఊడిపోలేదు" అంటాడు. కానీ ఆయనకు ఒక పద్ధతి ఉంది. నాకు వచ్చిన విద్యలో సగం ఆ పద్ధతే.

మా షాపులో కంట్రోలర్‌ను బల్ల మీద పడేసి వెళ్లిపోవడానికి లేదు. తెచ్చిన మనిషి అక్కడున్న ఇనుప కుర్చీలో కూర్చుని మా ఎదురుగా కాసేపు ఆడాలి. మేము ఆట జరిగే తెర చూడకూడదు, ఆడేవాడి బొటనవేళ్లు చూడాలి. కొందరు సుత్తితో కొట్టినట్టు తోస్తారు. కొందరు గోరుతో గీకుతారు. ఒకడు జిలేబీ తింటూ ఆడాడు, వాడికి రిపేరు అవసరం లేదు, చేతిరుమాలు చాలు. ఇంకా కొందరు అన్న చేతిలో ఓడిపోయి, అవమానం తట్టుకోలేక కంట్రోలర్ తీసుకొచ్చేస్తారు. వాళ్లకు సాహూజీ "స్టిక్ బాగుందిరా, మీ అన్నే బాగా ఆడతన్నాడు" అని చెప్పి పంపించేస్తాడు.

ఆ కుర్చీ టైం వేస్టని అప్పట్లో నా అభిప్రాయం. సాహూజీ లేనప్పుడు నేను దాని మీద స్పేర్ల డబ్బాలు పెట్టేవాణ్ణి.

పైడిరాజు మావయ్య

డబ్బాలు అలా ఉన్న ఒక రోజు పైడిరాజు మావయ్య వచ్చాడు. సొంత మావయ్య కాదు, మా వెనక వరస క్వార్టర్. గూడ్సు బండి లోకో పైలట్. వాళ్ల నాన్నా లోకో మనిషే, తాతా లోకో మనిషే. ఆయన లైను డ్యూటీలో లేని రోజు ఇంట్లో అత్తకు విశ్రాంతి ఉండదని పేరు.

కంట్రోలర్ వాళ్లమ్మాయి పావనిది. ఆదివారాలు తండ్రీ కూతుళ్లు తెర మీద కార్ల పందెం ఆడతారు.

"ఎడం పక్కకి లాగేస్తందిరా. నేను తిన్నగా ఎల్దామంటే బండి పొలంలోకి పోతాది" అన్నాడు.

సాహూజీ బిల్హా వెళ్లాడు, వాళ్ల పొలంలో వరికోతలు. నేను కంట్రోలర్‌ను మా వైపు తెర తిప్పుకుని ఉండే పరీక్ష కంప్యూటర్‌కు తగిలించాను. తెర మీద ఒక వలయం, దాని మధ్య ఒక చుక్క వస్తాయి. స్టిక్ ఎటు కదిలితే చుక్క అటు వెళ్తుంది. ముట్టుకోకుండా వదిలేస్తే చుక్క సరిగ్గా నడిమధ్యలో నిలబడింది. నేను పైకి తోస్తే తిన్నగా పైకే వెళ్లింది.

"బాగానే ఉంది మావయ్యా."

"బాగుంటే పొలంలోకి ఎందుకెల్తాది? నేనేటి గెడ్డికోసమెల్తన్నానా?"

కడిగి ఇచ్చేశాను. కొన్నాళ్లకు మళ్లీ వచ్చాడు, ఈసారి గొంతు పెంచాడు. ఇంజన్ చప్పుడు మీద మాట్లాడి అలవాటైన గొంతు. షాపు ముందు మనుషులు ఆగి చూస్తున్నారు. ఆ గొంతు తగ్గుతుందని స్టిక్ పెట్టె మొత్తం మార్చేశాను. ఒక మంచి భాగం తీసి ఇంకో మంచి భాగం పెట్టాను. ఈ పనిలో మీరు తరచుగా చేయబోయే రిపేరు ఇదే. దీనివల్ల బాగుపడేది మీ చెవులే.

మూడోసారి వచ్చినప్పుడు పావని కూడా వెంట ఉంది. పదో తరగతి. తండ్రి ముందు నడుస్తుంటే ఆమె వెనక నుంచి, వద్దు అన్నట్టు నాకు తల అడ్డంగా ఊపుతోంది. సాహూజీ ఉన్నాడు. కుర్చీ మీద డబ్బాలు లేవు.

"కూకోరా పైడిరాజూ" అన్నాడు సాహూజీ. "ముందు పిల్ల ఆడుతుంది."

పావని ఆడింది. నేను కంప్యూటర్ తెరను అందరికీ కనబడేలా పక్కకు తిప్పి, స్టిక్‌ను పైకి మాత్రమే తోయమన్నాను. చుక్క తిన్నగా వెళ్లింది.

"దేఖో భయ్యా, సీధా వెళ్తోంది కదా. నాన్న పట్టుకుంటేనే ఇలా నాటకాలు చేస్తుంది" అంది పావని.

పైడిరాజు మావయ్య పట్టుకున్నాడు. చుక్క పైకి బయల్దేరింది, సగం దారిలో వణికి, ఎడమకు ఒరిగిపోయింది.

"అదిగో. ఇప్పుడేటంటావు?"

అలమరలో నుంచి సీలు తీయని కొత్త కంట్రోలర్ తీసి ఇచ్చాను. చుక్క మళ్లీ ఎడమకే ఒరిగింది.

"ఇదీ పాడేరా."

ఇంకోటి ఇచ్చాను. అదీ అంతే.

"షాపంతా ఇదే సరుకేట్రా?"

"నాన్నా, మూడూ కలిసి నీ మీద కక్ష కట్టాయా?" అని పావని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. సాహూజీ నవ్వలేదు. ఆయన తెర వైపు చూడటమే లేదు. అప్పుడు నేనూ ఆయన చూస్తున్న ఎడం చేతి వైపు చూశాను. మావయ్య స్టిక్‌ను బొటనవేలి మెత్తని భాగంతో తోయడం లేదు, వేలి పక్క అంచుతో నెడుతున్నాడు. వేలు నిలబడటం లేదు.

"పావనీ, బయట గుప్‌చుప్ బండి వచ్చింది. నా పేరు చెప్పి తినీసి రా" అన్నాడు సాహూజీ.

సాహూజీ తన పేరు మీద ఒకరికి పానీపూరీ తినిపిస్తున్నాడంటే విషయం చిన్నది కాదని నాకు అర్థమైంది. పావనికి కూడా అర్థమైనట్టుంది. ఒకసారి తండ్రి వైపు చూసి బయటికి వెళ్లింది.

సాహూజీ బల్ల మీద ఒక చిన్న స్క్రూ పెట్టాడు. "ఎడం చేత్తో తియ్యరా."

మావయ్య తీయబోయాడు. జారింది. మళ్లీ పట్టాడు, మళ్లీ జారింది. కుడి చేత్తో తీసి సాహూజీ ముందు టక్కున పెట్టాడు. "తీసేను. ఏటి, సర్కస్సా?"

"ఎప్పట్నుంచిరా?"

మావయ్య ఎడం చేతిని బల్ల కిందికి దించుకున్నాడు. తర్వాత, అలవాటు లేని చిన్న గొంతుతో చెప్పాడు. "సలికాలం నుంచి. పొద్దున్న లేచేసరికి ఏలు మొద్దుబారి ఉంటాది. దులిపితే పోతాది."

"ఆస్పత్రికి వెళ్లకపోయావా మావయ్యా?" అన్నాను.

"ఎల్తే ఏటవుద్దో తెల్దేట్రా? వచ్చే నెల నాకు పీరియాడికల్ మెడికల్ ఉంది. డాక్టరు ఈ ఏలు చూసేడంటే లైను నుంచి దింపీసి ఆఫీసులో కుర్చీ ఇచ్చేస్తాడు. మా తాత కాణ్ణించి ఎవుడూ కుర్చీలో కూకోలేదు." బల్ల మీద ఉన్న కంట్రోలర్‌ను నా వైపు తోశాడు. "ఇది పాడైందని ఒక్క మాట అనీరా. సాలు."

అప్పుడు తెలిసింది. ఆయన దాన్ని బాగుచేయించడానికి తేలేదు. పాడైందని ఒకరి చేత అనిపించడానికి మూడుసార్లు వచ్చాడు.

సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగింది. డ్యూటీ కాల్. ఏదో బొగ్గు బండి సిద్ధమైందన్నమాట. ఫోను బల్ల మీద గిరగిరా తిరుగుతూ మోగుతోంది. ముగ్గురం దాన్నే చూస్తున్నాం. సాహూజీ నా వైపు చూశాడు. కంట్రోలర్ పరీక్షించినవాణ్ణి నేను, మాట చెప్పాల్సింది నేను. గంభీరమైన మాట కోసం వెతికాను. నా దగ్గర అలాంటి సరుకు ఎప్పుడూ లేదు.

"మావయ్యా, కంట్రోలర్ బాగుంది. పాడైనదానికి స్పేరు మా దగ్గర దొరకదు. రైల్వే ఆస్పత్రిలో అడగాల."

కొడతాడనుకున్నాను. వెనక్కి కూడా జరిగాను. ఆయన కొట్టలేదు. ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. కుడి చేత్తో తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"పైడిరాజునండి. నన్ను సిక్కు లీవులో రాసుకోండి... అవునండి, నేనే... లేదండి, తమాషా కాదు."

ఫోను జేబులో పెట్టుకుని "నీ నోట్లో మట్టి పొయ్య" అని నన్ను దీవించాడు. అంతలో పావని వచ్చింది. మూతి తుడుచుకుంటూ మా ముగ్గురి మొహాలూ చూసింది.

"ఏమైంది నాన్నా? కంట్రోలర్ ఖరాబా?"

"అది బాగానే ఉందమ్మా. నన్నే వేరే షాపుకి తీసికెల్లాలంట" అన్నాడు.

ఆ మాట ఎలా చెప్పాలి

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను ఇవ్వగల సలహా ఇక్కడుంది. వస్తువు బాగుంటే బాగుందని మొదటి రోజే గట్టిగా చెప్పండి. నేను మొదటి రోజు చెప్పాను, రెండో రోజు గొంతుకు భయపడి మింగేశాను. అలా మింగిన ప్రతి రోజూ ఆయన ఆ చేత్తోనే బొగ్గు బండి తీసుకుని వెళ్లాడు. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం నా గొప్పతనం కాదు.

రెండోది, పిల్లల ముందు చెప్పకండి. గుప్‌చుప్ ఖర్చు భరించండి. సాహూజీ లాంటివాడే భరించాడు.

ఆస్పత్రిలో మావయ్యకు మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందన్నారు. చిన్న ఆపరేషన్ చేశారు. భయపడినట్టే మావయ్యను లైను నుంచి దింపి, డ్రైవర్లు డ్యూటీ ఎక్కే ముందు సంతకం పెట్టే ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. చెయ్యి కుదిరితే మళ్లీ లైను మీదికి, కుదరకపోతే రిటైరయ్యేదాకా ఆ కుర్చీలోనే. అక్కడ ఆయన ప్రతి డ్రైవరునూ బండి గురించి బోలెడు ప్రశ్నలు అడుగుతున్నాడని, ఆయన డ్యూటీ ఉన్న పూట బళ్లు ఆలస్యమవుతున్నాయని కాలనీలో చెప్పుకున్నారు. అది అబద్ధమే అయి ఉంటుంది. బళ్లు అంతకుముందూ ఆలస్యమే.

చెయ్యి పరీక్షించి లైనుకు పంపాలో వద్దో డాక్టరు తేల్చాల్సిన రోజుకు ముందు రోజు, మధ్యాహ్నం, మావయ్య షాపుకు వచ్చాడు. చేతిలో కంట్రోలర్ లేదు. తిన్నగా వెళ్లి ఇనుప కుర్చీలో కూర్చున్నాడు.

"పెట్టరా" అన్నాడు.

కంట్రోలర్ ఒకటి తగిలించి ఇచ్చాను. తెర అలవాటుగా నా వైపే తిప్పుకుని ఉంది. బొటనవేలు ఇప్పుడు స్టిక్ మీద బోర్లా ఆనింది. చుక్క పైకి బయల్దేరింది. వణుకు లేదు. తిన్నగా వెళ్తోంది. వలయం అంచుకు చేరబోతూ, ఒక్క పిసరు, ఎడమకు వంగింది.

"ఏటయింది? సెప్పు."

ఆయన మొహం చూశాను. పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టుంది.

"బాగుంది మావయ్యా. ఇంచుమించు తిన్నగానే ఉంది."

"ఇంచుమించు మీద బండి ఆపుతారేట్రా? ఇటు తిప్పు."

తెర తిప్పాను. ఆయన మళ్లీ తోశాడు. చుక్క వెళ్లింది, పైన కాస్త వంగింది. ఇంకోసారి తోశాడు. ఇంకోసారి. ప్రతిసారీ అక్కడే, అంతే. నేను ఏదో అనబోతే చెయ్యి అడ్డంపెట్టి ఆపాడు. సిగ్నల్ చూస్తున్నట్టు తదేకంగా చూస్తున్నాడు.

తర్వాత కంట్రోలర్‌ను బల్ల మీద మెల్లగా పెట్టాడు. "ఇంకో నెల కుర్చీలోనే ఉంటానని రేపు డాక్టరికి నేనే సెప్తాను. ఆ పై నెల చూద్దుం" అని లేచాడు. మరునాడు వెళ్లి అలాగే చెప్పాడు కూడా. ఇది రాస్తున్న నాటికి ఆ నెల ఇంకా గడవలేదు.

షాపు వదిలే రోజు నేను చేసిన ఆఖరి పని ఒకటుంది. తెరను కుర్చీలో కూర్చునేవాళ్ల వైపు తిప్పి, మళ్లీ ఎవరూ తిప్పుకోవడానికి వీల్లేకుండా బల్లకు స్క్రూలతో బిగించేశాను. సాహూజీ సమోసా నములుతూ చూశాడు.

"మరి మనకెలా కనబడుద్దిరా?"

"ముందు వాళ్లకి కనబడనీ" అన్నాను.